గేటు ఎంత దించారన్నది కాదు, ఎంత తొందరగా దించారన్నదే

సాగర్ కాలవ కట్టేసిన రెండో రోజు మా సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లల్లో పిలకాయలు యాడున్నారో ఎతకబళ్లేదు. కాలవ గుంటల్లో ఉంటారు. పాత చీరె ముక్క చెరో కొసా పట్టుకోని బురదలో లాగుతుంటే పరిగెలు, జెల్లలు, అదృష్టం ఉంటే ఓ కొర్రమేను. నేనూ లాగినోణ్ణే. అప్పుడది పండగ. ఆ చేపలు గుంటల్లోకి ఎందుకొచ్చి ఇరుక్కున్నాయో ఆలోచించే వయసు కాదది.

కాలవంటే మనం తవ్వుకున్నది, దానికి కట్టేసే రోజు ఉండిద్ది. ఏటికి అట్టాంటి రోజు ఉండకూడదు గదా. కానీ పైన నాగార్జునసాగర్, కింద పులిచింతల, ఆ కింద ప్రకాశం బ్యారేజీ కట్టుకున్నాక, వరద రోజులు పోను, కృష్ణ పారేది మబ్బుని బట్టి గాదు, గేటుని బట్టి. కరెంటుకి నీళ్లు కావాలంటే వదుల్తారు, డెల్టా నారుమళ్లకి కావాలంటే వదుల్తారు. అవసరం తీరంగానే ఆపుతారు. చేపపిల్లకి ఇబ్బంది యాడొచ్చిద్దంటే, ఆ ఆపే కాడ.

ఎట్టాగో చెప్తా. బొచ్చె, శీలావతి లాంటివి చెరువు నీళ్లల్లో కడుపునిండా గుడ్లున్నా పెట్టవు. వానాకాలం ఏరు పొంగి, ఒడ్డు పల్లాల మీదకి ఎర్రనీళ్లు ఎక్కినప్పుడే పెడతయి. కిలో బరువు శీలావతి కడుపులో రెండు లక్షలకు పైనే గుడ్లుంటయి. ఒక రోజు తిరక్కుండానే పొదిగిద్ది. మొదటి మూడు రోజులు పొట్టకింద సంచిలో ఉన్న సొన తోనే బతికిద్ది. ఆ తర్వాత నోరు తెరిచి తినాలి. వెంట్రుకంత ఉండే ఆ పిల్ల నడి ఏటి ఒరవడికి ఎదురీదలేదు. దానికి కావాల్సింది మోకాలి లోతు నీళ్లు, నెమ్మదైన పారుదల, ఎండకి కాస్త వెచ్చబడి నాచూ సన్నపురుగూ పట్టిన చోటు, వాలుగ వస్తే దూరటానికి గడ్డి. ఇవన్నీ ఉండేది ఒడ్డు వారన, వాగులు కలిసే మూతుల కాడ.

ఇప్పుడు గేట్లు దించారనుకోండి. నడి ఏట్లో నాలుగడుగులు తగ్గితే పెద్దచేపకేం గాదు, లోతుకి పోయిద్ది. ఒడ్డు వారన మాత్రం నాలుగడుగులంటే మొత్తం ఎండినట్టే. దానంతట అది తగ్గే ఏరు కొన్ని రోజులు తీసుకుంటది, పిల్ల నీళ్లతో పాటు ఎనక్కి జరిగిద్ది. గేటుతో తగ్గించేది గంటల్లో అయిపోయిద్ది. పిల్లలు ఇసక గుంటల్లో మిగుల్తయి. మజ్జాన్నానికి నీళ్లు కాగుతయి, వేడి నీళ్లల్లో గాలి తక్కువ. సాయంత్రానికి కొంగలు దిగుతయి.

అమెరికాలో సాల్మన్ చేపకీ ఇదే బాధ. అది గులకరాళ్ల సందుల్లో గుడ్లు పెట్టిద్ది. పిల్లలు బయటికొచ్చి ఒడ్డు వారనే పెరుగుతయి. కొలంబియా నదిలో హాన్‌ఫోర్డ్ అనే కాడ డ్యాముల వాళ్లూ, చేపల శాఖలూ, అక్కడి ఆదివాసీ తెగలూ కూర్చోని 1988లో గుడ్ల కోసం ఒక ఒప్పందం చేసుకున్నారు. 2004లో దాన్ని పిల్లలకీ పెంచారు. పిల్లలు బయటికొచ్చే కాలంలో రోజువారీ నీటి హెచ్చుతగ్గుల మీద హద్దు పెట్టుకున్నారు. డ్యాములు అట్టాగే ఉన్నయి, కరెంటూ తయారవుతానే ఉంది. క్లామత్ నది మీదైతే నాలుగు డ్యాములే తీసేశారు, 2024లో. అంత మాట మన కాడ నేనడగను. మిరప తోటకి తడి అందకపోతే ఇంట్లో ఏమయిద్దో నాకు తెలుసు.

మనోళ్లు చెప్పే జవాబు ఒకటుంది: ప్రభుత్వం రిజర్వాయర్లల్లో చేపపిల్లల్ని వదుల్తంది గదా అని. నిజమే. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదరి చేపకి సూదిమందిచ్చి గుడ్లు పెట్టించిన కాణ్ణుంచి పిల్లల కోసం ఏటి మీదే ఆధారపడే పని తప్పింది. అది గొప్ప పనే. కానీ హేచరీలో పుట్టిచ్చేది ప్రధానంగా బొచ్చె, శీలావతి, మోసు. బొమ్మిడాయిల్ని ఎవరు వదులుతున్నారు? జెల్లల్ని? ఇసక దొందుల్ని? ఏటి మీద వల వేసుకునే కుటుంబానికి సాయంత్రం కూర అయ్యేవి ఇయ్యే. వీటికి ఒడ్డు నీళ్లే హేచరీ.

ఇంకోటి, మన పేపర్లల్లో ఏటేటా కనపడే మాట: ‘సముద్రంలోకి వృథాగా పోతున్న నీళ్లు’. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ కాడ 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడూ రాశారు. బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీల్లో రెండు రాష్ట్రాల వాటాల మీద ఇంతగా కొట్టుకుంటన్నాం, ఏట్లో ఏటి కోసం ఎంత ఉండాలనే మాట మాత్రం ఏ పార్టీ నోటెంటా నేను విన్లేదు. గంగకి 2018లో కేంద్రమే కనీస ప్రవాహం ఇంతుండాలని నోటిఫికేషన్ ఇచ్చింది. ఎగువ గంగలో వానాకాలం నూటికి 30 వంతులు, చలికాలం 20 వంతులు వదలాలి. కృష్ణకి ఎందుకు కూడదు?

అది తేలేలోపు, చుక్క నీళ్లు ఎక్కువ అడక్కుండా చెయ్యగలిగిన పని ఒకటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా, ప్రమాదం లేని రోజుల్లో, పులిచింతల కాడ గేట్లయినా టర్బైన్లయినా ఒక్కసారిగా ఆపకుండా మెట్లు మెట్లుగా రెండు మూడు రోజుల్లో తగ్గించటం. వదిలిన నీళ్లు ఎటూ బ్యారేజీకే పోతయి, డెల్టాకి నష్టం లేదు. కరెంటోళ్ల లెక్క కాస్త సర్దాల్సి వచ్చిద్ది, అది ఒప్పుకుంటా. ఒక్క సీజను చేసి, మాదిపాడు రేవు కాడ ఇసక గుంటల్లో ఎన్ని పిల్లలు మిగిలినయ్యో ముందటేడుతో పోల్చి లెక్కేస్తే సరిపోయిద్ది. లెక్కెయ్యటానికి ఇంజనీర్లే రాబళ్లేదు, గుంటల్లో చీరె లాగే పిలకాయలు చాలు.