పాడిపశువుల కొట్టానికి జారని నేల

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రైతులు మట్టి కొట్టానికి గట్టి నేల వేయదలచినపుడు సాధారణంగా కడుగుటకు సులువైన నునుపు రాయినే కోరుతారు. కుప్పం పరిసరాలలో గ్రానైటు క్వారీలున్నందున కోత ముక్కలు చేతికందుతాయి. కడప నాపరాయి కూడ సుపరిచితమే. పొడిగా ఉన్నపుడు ఈ రెంటిలో దోషం కనబడదు. పేడ, మూత్రం పడి తడిసిన తరువాత మాత్రం గిట్టకు పట్టు దొరకదు. లేవబోయిన ఆవు వెనుక కాళ్లు పక్కలకు చీలిపోయినచో తుంటి కీలు తప్పవచ్చు, తొడ లోపలి కండరాలు చిరగవచ్చు. ఈనిన వెంటనే కాల్షియం తగ్గి నీరసించిన ఆవుకు ఈ ప్రమాదం మరింత హెచ్చు. అట్టిది తిరిగి లేవకపోవడమూ కద్దు. 200 కిలోలలోపు బరువుండే పుంగనూరు పొట్టి ఆవు కంటె, దానికి రెట్టింపు బరువుండే హోల్‌స్టీన్ సంకర ఆవు విషయంలో ఎక్కువ జాగ్రత్త వహించాలి.

కావున గాడులు తీసిన కాంక్రీటే మేలు. కాంక్రీటు పచ్చిగా ఉన్నపుడే సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు లోతు గల గాడులను 8–10 సెంటీమీటర్ల ఎడంతో, మూత్రపు కాలువ వైపు సాగేటట్లు తీయాలి. పశువు మలుపు తిరిగే చోట అడ్డగాడులు కూడ అవసరం. 40 నుండి 60 అడుగులకు ఒక అడుగు వాలు చాలును. గరుకు మంచిదే కదా అని కంకర పైకి తేలనివ్వరాదు. గిట్టలు అరిగి కుంటుతనం వస్తుంది.

గ్రానైటు ఇదివరకే పరచినవారు దానిని పెకలించనవసరం లేదు. రాతిపనివారిచే ఉలితో గాట్లు పెట్టించి, వాడి అంచులను అరగదీయించవచ్చు. రబ్బరు మ్యాట్లు పశువుకు సుఖమే. అయితే అడుగున చేరిన పేడను తీయుటకు వాటిని తరచు ఎత్తవలసి ఉంటుంది, ఈ మాట అమ్మేవారు చెప్పరు.

విస్తరణ శాస్త్రవేత్తలు కొట్టాన్ని సందర్శించినపుడు నేల తడిపి, గమ్‌బూటు మడమపై తిరిగి చూడవలెను. మడమ సునాయాసంగా తిరిగినచో ఆ నేలపై చూడి ఆవును కట్టరాదు.