దండెం తీగ మీద తేనెపిట్ట

ఈ నెల నా ఫోన్ గ్యాలరీ నిండా పిట్టలే. ఓ వీకెండ్ బండేసుకుని ఖమ్మం నుంచి పాల్వంచ వెళ్లి, పొద్దున్నే కిన్నెరసాని రిజర్వాయర్ గట్టున కూర్చున్నా. నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. కరెంటు తీగ మీద పాలపిట్ట. తెలంగాణ రాష్ట్ర పక్షే గానీ, దసరా రోజు తప్ప తలెత్తి చూసేదెవరు!

అక్కణ్నుంచి భద్రాచలం వైపు వెళ్తుంటే కలివికోడి గుర్తొచ్చింది. ఒకప్పుడు మన గోదావరి లోయలోనూ దీన్ని చూసిన రికార్డులున్నాయి. 1900 తర్వాత ఎక్కడా జాడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. నేనీమధ్య చదివిన సలీం అలీ ఆత్మకథ 'ద ఫాల్ ఆఫ్ ఎ స్పారో' వచ్చింది 1985లో. ఒక్క ఏడాది ఆగుంటే ఆ సంబరం కూడా అందులో ఉండేదేమో! కలివికోడి రాత్రిళ్లు తిరుగుతుంది. దానికి ముళ్లపొదలు, వాటి మధ్య ఖాళీ నేల కావాలి. మనం 'ఉత్త తుప్పలే కదా' అని చదును చేసేస్తామే, సరిగ్గా అలాంటి నేల.

మా పెరట్లో మాత్రం ఓ తేనెపిట్టకి చోటు దొరికింది, అదీ దండెం తీగకి. ఆడపిట్ట ఒక్కతే సాలెగూటి దారాలు, బెరడు ముక్కలు తెచ్చి గూడల్లింది, గుమ్మం పైన చిన్న చూరుతో సహా. "బట్టలెక్కడ ఆరెయ్యాలిరా?" అంది అమ్మ. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు పడుతుందని చెప్పా. ఇప్పుడు పక్కింటి పిల్లి గోడెక్కితే కర్ర తీసేది అమ్మే. బట్టలు డాబా మీద ఆరుతున్నాయి.