పేర్లు చదివిన పీఠాధిపతి

1977 ఫిబ్రవరిలో ఆస్కార్ రొమేరో శాన్ సాల్వడార్ అగ్రపీఠాధిపతి అయినప్పుడు ఎల్ సాల్వడార్ భూస్వాములు సంతోషించారు. పేదల మధ్య పనిచేసే గురువులు దిగులుపడ్డారు. ఆయన పుస్తకాల మనిషి, గొడవల జోలికి పోడని పేరు. మూడేళ్ళు తిరిగేసరికి ఆయన్ని పూజాపీఠం దగ్గరే కాల్చి చంపారు. ఈ మధ్యలో ఏం జరిగింది?

ముందు నేల సంగతి చూడాలి. కాఫీ మీద బతికిన ఆ దేశంలో మంచి భూములు కొద్ది కుటుంబాల చేతుల్లో ఉండేవి. మిగతావాళ్ళకు కోతల కాలంలో కూలి, తర్వాత పస్తులు. 1932లో రైతులు తిరగబడితే సైన్యం వేలమందిని చంపింది. అప్పటినుంచి పాలన సైనికాధికారులదే. కూలీలు సంఘం పెట్టుకోవాలంటే ప్రాణాలకు తెగించాలి.

1968లో లాటిన్ అమెరికా బిషప్పులు కొలంబియాలో సమావేశమై, ఈ పేదరికం అన్యాయం వల్ల పుట్టిందని తేల్చి చెప్పారు. ఆ మాటను పల్లెలకు మోసుకెళ్ళినవారిలో రూతీలియో గ్రాందే ఒకరు. ఈ జెస్యూట్ గురువు అగిలారెస్ ప్రాంతంలో చెరకు కూలీలతో కూర్చుని బైబిలు చదివేవారు. 1977 మార్చి 12న పూజ చెప్పడానికి వెళ్తుంటే దారికాచి కాల్చేశారు. వెంట ఉన్న ఒక ముసలాయన, ఒక కుర్రాడు కూడా చనిపోయారు.

గ్రాందే రొమేరోకు స్నేహితుడు. ఆ రాత్రే రొమేరో శవాల దగ్గరకు వెళ్ళారు. మరుసటి వారం ఆదివారం తన పరిధిలోని చర్చిలన్నిట్లో పూజలు ఆపించి, రాజధానిలో ఒకే ఒక్క పూజ జరిపారు. హంతకుల విచారణ తేలేదాకా ప్రభుత్వ వేడుకలకు రానన్నారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని చాలా సాదాది. ఆదివారం ప్రసంగంలో ముందు బైబిలు వాక్యం వివరించేవారు. ఆపైన ఆ వారం ఎవరిని చంపారు, ఎవరిని ఎత్తుకుపోయారు అన్నది పేర్లతో సహా చదివేవారు. తల్లులు వచ్చి చెప్పుకున్న గోడును అగ్రపీఠం న్యాయసహాయ విభాగం నమోదు చేసేది. చర్చి రేడియో ఆ ప్రసంగాన్ని పల్లెపల్లెకూ చేర్చేది. ఆ రేడియో కేంద్రాన్ని బాంబులతో పేల్చారు. తోటి బిషప్పుల్లోనే కొందరు ఆయన్ని తప్పుపట్టారు. అయితే ప్రభుత్వంపై ఆయుధాలు పట్టిన గెరిల్లాల హింసనూ ఆయన ఖండించారు.

మనుషుల్ని మాయం చేసే పాలనకు మౌనమే అండ. ఆ అండను రొమేరో వారం వారం తీసేస్తూ వచ్చారు. తుపాకీ లేని మనిషికి సైన్యం ఎందుకు భయపడిందో ఇక్కడే తెలుస్తుంది.

1980 మార్చి 23న ఆయన నేరుగా సైనికులతోనే మాట్లాడారు. మీరు చంపుతున్నది మీలాంటి రైతుబిడ్డలనే, అలాంటి ఆజ్ఞను పాటించనక్కర్లేదు, ఈ అణచివేత ఆపండి అన్నారు. మర్నాటి సాయంత్రం ఒక క్యాన్సర్ ఆసుపత్రి ప్రార్థనాలయంలో పూజ చెబుతుండగా తూటా తగిలింది.

తర్వాత 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో దాదాపు 75,000 మంది పోయారు. రొమేరో హత్యకు ఆదేశించింది మాజీ మేజర్ రొబెర్తో దాబుయ్‌సోన్ అని 1993లో ఐక్యరాజ్యసమితి సత్య కమిషన్ తేల్చింది. అప్పటికే అతను చనిపోయాడు. 2018లో పోప్ ఫ్రాన్సిస్ రొమేరోను పునీతుడిగా ప్రకటించారు.

ఆయన చనిపోయిన మార్చి 24ను ఐక్యరాజ్యసమితి సత్యం తెలుసుకునే హక్కు దినంగా పాటిస్తోంది. పోయినవాడి పేరు, పోయిన తీరు తెలియాలన్నది ప్రతి తల్లి హక్కు. ఆ హక్కు కోసమే ఆయన ఆ పేర్లు చదివారు.