గట్టిమేళం ఎవరు నొక్కాలి?

శంషాబాద్ విమానాశ్రయం దారి పొడవునా పెళ్లి మండపాలే. అక్కడ మోగే పాట ఎవరి సొత్తని కోర్టులు విచారిస్తున్నాయి. సన్నాయి ఊదే మనిషి ఊసు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

డిజిటల్ కాలంలో సంగీతకారుల బతుకుతెరువు, దాని మీద జరిగే సదస్సులు: ఎడిటర్‌గారు అప్పగించిన పని ఇదీ. శంషాబాద్ వైపు స్టార్ హోటళ్లున్నాయి కదా, అక్కణ్నుంచి మొదలుపెట్టమన్నారు. కాపీ గురువారం సాయంత్రానికి కావాలి. సదస్సులంటే నాకు అంత గురి లేదని ఆయనకు తెలుసు. అయినా నాకే ఇచ్చారు.

పేరున్న సదస్సుల కోసమైతే మనవాళ్లు శంషాబాద్‌లో దిగరు, అక్కడ విమానం ఎక్కుతారు. 2025 మే మొదటి వారంలో కేంద్ర ప్రభుత్వం నాలుగు రోజుల ‘వేవ్స్’ వినోదరంగ సదస్సును ముంబైలో పెట్టింది. అమెరికాలో 2000లో పుట్టిన ఫ్యూచర్ ఆఫ్ మ్యూజిక్ కొయలిషన్ సంగీత విధానాల మీద వాషింగ్టన్‌లో వరసగా సమావేశాలు నడిపింది. సంగీతకారుడికి డబ్బొచ్చే మార్గాలు నలభైకి పైగా ఉన్నాయని ఆ సంస్థ ఓ జాబితా కూడా కట్టింది. దాని ప్రింటు జేబులో పెట్టుకుని ఆరాంఘర్ దాటాను.

అక్కణ్నుంచి బెంగళూరు హైవేకి అటూ ఇటూ ఫంక్షన్ హాళ్లు, కన్వెన్షన్ సెంటర్లు. 2008లో విమానాశ్రయం వచ్చాక ఈ దారికి పెళ్లికళ పట్టింది. డాలస్‌లో ఎక్కిన మేనమామ సూట్‌కేసుతో సహా సరాసరి మండపానికి వచ్చేయొచ్చు. ముహూర్తాల రోజుల్లో ఈ రోడ్డు మీద సన్నాయి మేళం, బ్యాండు, డప్పులు, డీజే అన్నీ ఒకదాని మీద ఒకటి మోగుతుంటాయి. వీళ్ల ముందు నా జాబితా అక్కరకు రాలేదు. అందులోని మార్గాల్లో ఎక్కువ భాగం రికార్డింగుకో, పాట మీద హక్కుకో ముడిపడినవి. మేళానికి ఉన్నది ఒకటే మార్గం: బయానా పుచ్చుకోవడం, వచ్చి వాయించడం, మిగతా డబ్బు పుచ్చుకుని వెళ్లడం. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా అదీ లేదు.

అక్కరకొచ్చింది వేరే కాగితం.

చచ్చి బతికిన నోటీసు

2023 జులై 24న దిల్లీలోని పరిశ్రమల ప్రోత్సాహక శాఖ (డీపీఐఐటీ) ఒక బహిరంగ ప్రకటన ఇచ్చింది. పెళ్లిళ్లలో పాటలు వేసినందుకు రాయల్టీ వసూలు చేస్తున్నారని ఫిర్యాదులు వచ్చాయట. కాపీరైట్ చట్టం 52(1)(జడ్‌ఏ) ప్రకారం అది కుదరదని, కాపీరైట్ సంఘాలు అలాంటి పనులు మానుకోవాలని, జనం కూడా అడిగినవాళ్లకల్లా కట్టేయొద్దని దాని సారాంశం.

1994 సవరణతో చట్టంలోకి వచ్చిన నిబంధన ఇది. మతపరమైన కార్యక్రమంలోనో, సర్కారీ వేడుకలోనో పాట వినిపిస్తే హక్కుల ఉల్లంఘన కాదంటుంది. మతపరమైన కార్యక్రమం అంటే పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు కూడా అని కింద వివరణ తగిలించారు. ఆ ‘ఇతర వేడుకలు’ దగ్గరే తగువంతా. తాళి కట్టడం సరే. సంగీత్? హల్దీ? కాక్‌టెయిల్ పార్టీ? మండపం నుంచి డిన్నరు హాలుకు నడిచే దారిలో మోగే స్పీకరు?

నిజానికి ఈ నోటీసుకిది రెండో జన్మ. దాదాపు ఇదే మాట ఆ శాఖ 2019 ఆగస్టు 27న ఒకసారి చెప్పింది. రికార్డింగు హక్కులు చూసే నోవెక్స్ సంస్థ కోర్టుకెళ్లింది. 2022లో పంజాబ్-హరియాణా హైకోర్టు ఆ నోటీసును కొట్టేసింది. అదే ఏడాది దిల్లీ హైకోర్టులో ఫోనోగ్రాఫిక్ పర్ఫార్మెన్స్ లిమిటెడ్ (పీపీఎల్)కూ, ఓ ఈవెంట్ సంస్థకూ మధ్య ఇదే పేచీ వచ్చింది. పెళ్లిలో డీజే వేసే పాట మినహాయింపు కిందికి వస్తుందా అన్నది తేల్చడానికి న్యాయశాస్త్ర ఆచార్యులు అరుల్ జార్జ్ స్కరియా సలహా కోరింది కోర్టు. 2023లో దిల్లీ శాఖ ఈసారి ఆచితూచి కొత్త నోటీసు ఇచ్చింది. దాన్ని పట్టుకుని గోవా ప్రభుత్వం 2024 జనవరి 30న సొంత సర్క్యులర్ తీసింది. హోటళ్ల దగ్గర రాయల్టీ అడిగేవాళ్లపై పోలీసులకు ఫిర్యాదు చేయొచ్చంది. ఆగస్టులో బాంబే హైకోర్టు గోవా ధర్మాసనం దాన్నీ రద్దు చేసింది. చట్టానికి అర్థం చెప్పడం కోర్టుల పని, సర్క్యులర్లది కాదని తీర్పు.

ఈ కాగితాలన్నీ మళ్లీ మళ్లీ చదివాను. అందులో కనిపించేది ముగ్గురే: పాట సొంతదారు, హాలు యజమాని, పెళ్లివారు. గొడవ ఎవరి జేబులోంచి ఎవరి జేబులోకి అన్నదే. మేళగాడికి ఇందులో దక్కేది ఉచిత అనుమతి. సినిమా పాట ఊదినా ఎవరూ రశీదు పుస్తకంతో రారు. మంచిదే. కానీ ఆ నోటీసు లెక్కన డీజే పెట్టెకూ అదే అనుమతి, ఫోనుకూ అదే. మనిషి వాయిస్తే ఒక లెక్క, మీట నొక్కితే ఇంకో లెక్క అని ఆ నిబంధన ఎక్కడా అనుకోలేదు.

అలాగని మేళగాడిని చట్టం బొత్తిగా మరిచిపోయిందనలేం. ‘ప్రదర్శకుడు’ అంటే ఎవరో చెబుతూ నటుడు, గాయకుడు, సంగీతకారుడు, నర్తకుడు, గారడీవాడు, పాములవాడు అని వరస పెట్టింది. చివర్లో ఉపన్యాసకుడినీ చేర్చింది. అంటే సదస్సు వేదిక మీద మైకు పట్టుకున్న పెద్దమనిషీ, మండపం మూల సన్నాయి పట్టుకున్న పెద్దాయనా చట్టం దృష్టిలో ఒకే కోవ. 2012 సవరణతో వచ్చిన 38ఏ సెక్షన్ ప్రకారం తన ప్రదర్శనను రికార్డు చేయనివ్వడం, ప్రసారం చేయనివ్వడం ఆ ప్రదర్శకుడి హక్కు. డ్రోన్ కెమెరా నెత్తిమీద తిరుగుతున్నప్పుడు సన్నాయి పెద్దాయనను ఎవరైనా అడగడం మీరు చూశారా?

పురోహితుడి చెయ్యి

సన్నాయి మేళం మీద నాకు పక్షపాతం ఉంది, దాచను. అది యంత్రానికి లొంగని కొలువు. తాళి కట్టే క్షణం దగ్గర పడగానే పురోహితుడు చెయ్యెత్తి ‘గట్టిమేళం!’ అంటాడు. తుమ్ము, దగ్గు, చెడ్డమాట ఏదీ వినపడకుండా డోలు, సన్నాయి ఒక్కసారిగా ఉధృతం కావాలి. వాయించేవాడి కళ్లు పురోహితుడి చేతి మీదే ఉంటాయి. స్పీకరుకు కళ్లు లేవు. ఫోనులో మంగళవాద్యం పెట్టుకున్న పెళ్లిలో ఆ మీట నొక్కాల్సిన మేనబావ సరిగ్గా అప్పుడే సెల్ఫీలో ఉంటాడు.

సాంకేతికత కొట్టిన తొలి దెబ్బ స్ట్రీమింగ్ కాదు. పూర్వం మేళంలో ‘ఒత్తు’ ఊదే మనిషి ఉండేవాడు. పూటంతా ఒకే శ్రుతి పట్టి ఉండటమే అతని ఉద్యోగం. ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వచ్చి అతన్ని ఇంటికి పంపింది. ఏ సదస్సూ జరగలేదు.

ఇప్పుడు యూట్యూబ్ లైవ్. అమెరికాలో ఆగిపోయిన బంధువుల కోసం పెళ్లంతా ప్రసారం చేస్తారు. మధ్యలో బారాత్ పాట ఒకటి వచ్చిందా, కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. వీడియోను ఆపడమో, దాని మీద వచ్చే ప్రకటనల డబ్బు తీసుకోవడమో కంపెనీ ఇష్టం. పెళ్లి మినహాయింపు ఇంటర్నెట్‌కు వర్తిస్తుందా అన్నది లాయర్ల చర్చ. ఆ యంత్రం మాత్రం 52(1)(జడ్‌ఏ) చదువుకోలేదు.

ఇదే దారిలో ఎదురుదిశ ప్రయాణమూ ఉంది. 2021లో మంచిర్యాల జిల్లాలో ఓ పెళ్లికూతురు ఊరేగింపులో ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడిన వీడియో ఊరూవాడా తిరిగింది. మోహన భోగరాజు పాడిన ఆ ప్రైవేటు పాటకు సినిమా పాటలంత పేరొచ్చింది. పెళ్లిలో ఆ పాట ఉచితం. తర్వాత యూట్యూబ్‌లో కోట్లమంది చూడటం ఉచితం కాదు. పాటకు పెళ్లిపందిరి ప్రచారవేదికైంది.

చరిత్ర కోసం చోటు తక్కువ. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగం చేరి 1977లో పద్మశ్రీ అయ్యారు. 2020లో ఆ గౌరవం షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు దక్కింది. హైదరాబాద్ వైపు అరబ్బులు, సిద్దీలు తెచ్చిన మర్ఫా వాద్యం నిజాం కాలం నుంచి బారాత్‌ల్లో మోగుతోంది. బార్కస్, పహాడీషరీఫ్ మీదుగా విమానాశ్రయానికి వెళ్లేవాళ్లు ఆ మోత దాటే వెళ్తారు.

మొగులయ్య లెక్క

మినహాయింపులూ మీటలూ పక్కన పెట్టి అసలు పాడిన మనిషి దగ్గరికి వద్దాం. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు 2021లో ‘భీమ్లా నాయక్’ టైటిల్ పాటలో వినిపించింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కోటి రూపాయలు ప్రకటించారు. 2024 మేలో తుర్కయంజాల్‌లో ఓ భవన నిర్మాణం దగ్గర ఆయన కూలి చేస్తున్న వీడియో బయటికొచ్చింది. శంషాబాద్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే ఆ ఊరు. వచ్చిన డబ్బు పిల్లల పెళ్లిళ్లకూ, స్థలానికీ పోయిందని, నెలనెలా వచ్చే పదివేల గౌరవ భృతి ఆగిపోయిందని ఆయన చెప్పుకున్నారు. ఆ ఏడాదే ప్రభుత్వం హయత్‌నగర్‌లో ఇంటిస్థలం పత్రాలు అందించింది.

ఈ కథలో పద్మశ్రీ ఉంది, నజరానా ఉంది, భృతి ఉంది, స్థలం ఉంది. రాయల్టీ అన్న మాట ఎవరి నోటా రాలేదు. వాణిజ్యంగా వాడుకున్న ప్రదర్శనకు ప్రదర్శకుడికి రాయల్టీ రావాలని 38ఏ చెబుతున్నా, పత్రికల్లో చర్చంతా సర్కారు ఏమిచ్చింది, ఏమివ్వలేదు అన్నదాని చుట్టూనే నడిచింది. పత్రికల్లో నేనూ ఉన్నాను. సదస్సు పెట్టేవాళ్లకు నా సూచన ఒక్కటే: ఒక పూట హోటల్లో కాకుండా, ముహూర్తం ఉన్న రోజు శంషాబాద్ హాలు ఒకదాంట్లో పెట్టండి. ప్రదర్శకుల సంఘంలో చేరే ఫారాలు తెలుగులో అచ్చువేసి పట్టుకురండి.

బాక్సు 1: ఎవరికి ఏ సంఘం?

రచయితలు, స్వరకర్తలు, వారి ప్రచురణకర్తల తరఫున ఐపీఆర్‌ఎస్ (1969లో ఏర్పడింది, 2017లో మళ్లీ గుర్తింపు). గాయకుల తరఫున 2013లో నమోదైన ఇస్రా. తర్వాత వాద్యకారులనూ కలుపుకుని ఇసామ్రా. రికార్డింగు కంపెనీల తరఫున పీపీఎల్, నోవెక్స్. వీటి మధ్య గీతలు జనానికి తెలిసొచ్చింది 2017 మార్చిలో. అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, ఇళయరాజా తరఫు నుంచి లీగల్ నోటీసు వచ్చిందని, ఆయన పాటలు ఇక వేదిక మీద పాడలేనని ఫేస్‌బుక్‌లో రాశారు. రెండేళ్లకు ఇద్దరూ ఒకే వేదికెక్కారు.

బాక్సు 2: జీతమిచ్చిన పాట

తెలంగాణ వచ్చాక ఉద్యమంలో పాడిన, ఆడిన 550 మందిని సాంస్కృతిక సారథిలో నెలజీతం మీద పెట్టుకున్నారు. రసమయి బాలకిషన్ తొలి ఛైర్మన్. ప్రభుత్వ పథకాల మీద ఊరూరా పాడటం వాళ్ల పని. 2024 నవంబరులో గద్దర్ కుమార్తె వెన్నెల ఛైర్‌పర్సన్ అయ్యారు. కళాకారుడికి పండగ, మూఢం తేడా లేకుండా ఒకటో తారీఖు జీతం పడే ఏర్పాటు ఇది. ఏ పాట పాడాలో మాత్రం జీతమిచ్చేవాళ్లే చెబుతారు.