వేడి పెంచే ముందు గాలి దారి చూడండి

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డుల నడుమ చిప్ లెవెల్ రిపేర్ నేర్పుతామనే బోర్డులూ కనిపిస్తాయి. సోల్డర్‌తో భాగాలు అతికించడం తొందరగానే పట్టుబడుతుంది. అతికినదాన్ని సర్క్యూట్ బోర్డు చెడకుండా ఊడదీయడమే కష్టం. సోల్డర్‌ను కరిగించి పీల్చే డీసోల్డరింగ్ గన్ సరిగా లాగకపోతే చెయ్యి ముందు టెంపరేచర్ బటన్ మీదికే పోతుంది. నా లెక్కలో అది తప్పు వైద్యం. రోగం ఎక్కువసార్లు గాలి దారిలో ఉంటుంది.

63 పాళ్లు తగరం, 37 పాళ్లు సీసం కలిసిన సోల్డర్ 183 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. 2006 జులై 1న సీసంపై యూరప్ నిబంధనలు అమల్లోకి వచ్చాక బాగా వాడుకలోకి వచ్చిన సీసం లేని రకానికి 217 నుంచి 220 కావాలి. గన్ 350 మీద ఉంటే రెండింటికీ సరిపోతుంది. మామూలు ఎఫ్ఆర్-4 బోర్డులోని ఎపాక్సీ మాత్రం 130, 140 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అంటే సోల్డర్ కరిగేసరికే రాగి ప్యాడ్ పట్టు సడలి ఉంటుంది. ఆ పైన పెంచిన ప్రతి డిగ్రీ, ఆగిన ప్రతి సెకను ప్యాడ్ లేచిపోవడానికే దోహదం. ఇక కరిగినదాన్ని లాక్కుపోయేది గాలి. పంపు ఎంత గొప్పదైనా దానికి దొరికే బలం వాతావరణ పీడనానికి, అంటే 760 మిల్లీమీటర్ల పాదరసానికి, మించదు. నాజిల్ రంధ్రం వ్యాసం సగానికి పూడితే వైశాల్యం నాలుగో వంతే మిగులుతుంది. గోడల రాపిడితో ప్రవాహం ఇంకా పడిపోతుంది.

పూడుకోవడానికి కారణం తరచుగా ట్రిగ్గర్ తొందరగా వదిలేయడమే. నాజిల్‌ను భాగం కాలు చుట్టూ మెల్లగా తిప్పాలి. కాలు రంధ్రంలో వదులుగా కదిలాకే ట్రిగ్గర్ నొక్కాలి, సోల్డర్ పోయాక కూడా ఒకటి రెండు సెకన్లు పట్టి ఉంచాలి. లేకపోతే గొట్టం మధ్యలోనే అది గడ్డకడుతుంది. క్లీనింగ్ పిన్ను వేడి మీదే దూర్చాలి. చల్లారాక పొడిస్తే పిన్ను ఇరుక్కుంటుంది, హీటర్ దెబ్బతింటుంది. ఫ్లక్స్ ఆవిరి పట్టి ఫిల్టర్ గోధుమరంగుకు తిరిగి గట్టిపడితే మార్చేయాలి, ఉతికి వాడే వస్తువు కాదది. నాజిల్ మొనను సాండ్‌పేపర్‌తో గీకితే పైనున్న ఇనుప పూత పోయి కింది రాగిని సోల్డర్ తినేస్తుంది. గన్ ఆపే ముందు కొత్త సోల్డర్ పూసి వదిలితే చాలు.

ల్యాప్‌టాప్ బోర్డు గ్రౌండ్ కాలు 350కీ కదలదు కదా అనవచ్చు. నిజమే. అక్కడ లోపలి రాగి పొరలు వేడిని గుంజుకుంటాయి, కాబట్టి తక్కువైంది వేడి సరఫరా. పెద్ద నాజిల్ వాడి, బోర్డును కింది నుంచి సుమారు 100 డిగ్రీలకు వేడిచేయాలి. కాస్త సీసపు సోల్డర్ కలిపితే కరిగే ఉష్ణోగ్రతే తగ్గుతుంది. హాట్ ఎయిర్‌తో పోదా అంటే, పక్కనున్న ప్లాస్టిక్ కనెక్టర్లు, కెపాసిటర్లు కూడా ఉడుకుతాయి. పంజాగుట్టలో చిన్న దుకాణం పెట్టుకున్నవాడికి గన్ ఖరీదు భారమైతే చేతి పంపు చాలు. సూత్రం అదే, సేవా అదే: లోపలి ముక్కలు దులపాలి, రబ్బరు రింగుకు కాస్త సిలికాన్ గ్రీజు పట్టించాలి. కొనను వేలితో మూసిపట్టి బటన్ నొక్కినప్పుడు పిస్టన్ సర్రున పోతే గాలి లీకవుతున్నట్టు. దులిపిన ముక్కల్లో సీసం ఉంటుంది. ఈ వేడికి అది ఆవిరి కాదు గానీ చేతికంటి నోట్లోకి పోతుంది, కాబట్టి టీ గ్లాసు అందుకునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.