ఏడాది అట్ట ఎట్లా చేసుకోవాలి?



ఈ సంచికలో నేను ఏడాది అట్ట గురించి రాస్తున్నాను. ఈ సంవత్సరం మనం ఏమేం చేయాలనుకున్నామో ఒక అట్టముక్క మీద బొమ్మలు అతికించి, రోజూ కనపడే చోట పెట్టుకోవడమే ఏడాది అట్ట. పట్నాలలో దీనిని విజన్ బోర్డు అంటారు. అక్కడ జనవరి ఒకటిన చేస్తారు. మనకు జనవరిలో ఏమీ మొదలు కాదు. మన ఊళ్ళలో భూమి పండుగ చేసి విత్తనం పెట్టాకనే ఏడాది మొదలైనట్టు. బడి తెరిచేది కూడా జూన్ లోనే. కాబట్టి మన అట్టకు లెక్క జూన్ నుండి ఏప్రిల్ దాకా.

ఖాళీ సబ్బుల పెట్టె అడిగితే వంట అక్కలు ఇస్తారు. దానిని మన ట్రంకుపెట్టె మూత లోపల పట్టేటట్టు కోయాలి. గోడకు పెడితే కొందరు వెక్కిరిస్తారు. "ఓ కలెక్టరమ్మా, ఆ బకెట్ ఇటు ఇయ్యి" అంటారు కదా! మూత లోపల ఉంటే సబ్బు తీసినప్పుడల్లా, దువ్వెన తీసినప్పుడల్లా మనకే కనపడుతుంది. బొమ్మలకు ఆదివారం పేపర్లు, పాత క్యాలెండర్లు చాలు. దొరకని బొమ్మ గీసుకోవాలి. జిగురు కొననక్కర లేదు, అన్నం మెతుకులు మెదిపి పూస్తే అతుక్కుంటుంది. పలచగా పూయాలి, లేకుంటే పెట్టెలోకి చీమలు వస్తాయి.

ఇప్పుడు అసలు సంగతి. ఏ బొమ్మలు పెట్టాలి? చాలామంది డాక్టరు బొమ్మో, పోలీసు బొమ్మో ఒకటి పెట్టి ఊరుకుంటారు. అది చూస్తే సంతోషంగానే ఉంటది, కానీ రేపు పొద్దున లేచి ఏం చేయాలో అది చెప్పదు. దీని గురించి మా సైన్సు మేడం ఒక విషయం చెప్పారు. అమెరికాలో లాస్ ఏంజిలిస్ లోని విశ్వవిద్యాలయంలో పరీక్షకు ముందు విద్యార్థులను గుంపులుగా చేశారట. ఒక గుంపును మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకోమన్నారు. ఇంకొక గుంపును ఎప్పుడు, ఎక్కడ కూర్చొని, ఎట్లా చదువుతారో ఊహించుకోమన్నారు. రెండో గుంపు వాళ్ళు ఎక్కువ సేపు చదివారు, మార్కులు కూడా వాళ్ళకే బాగా వచ్చాయి. ఇది 1999లో అచ్చయింది.

మన దగ్గర చూస్తే మాలావత్ పూర్ణ అక్క ఉంది. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, గిరిజన కుటుంబం, తల్లిదండ్రులు కూలి చేసేవాళ్ళు. మనలాగే గురుకులంలో చదివింది. 2014 మే 25న 13 ఏళ్ళ 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. అంత చిన్న వయసులో ఎక్కిన అమ్మాయి అప్పటిదాకా ప్రపంచంలోనే లేదు. ఆమెతో పాటు ఎక్కిన ఆనంద్ కుమార్ అన్న మన అప్పటి ఖమ్మం జిల్లా వాడే. ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లు అని అందరం బట్టీ పట్టాం. కానీ వాళ్ళు ముందు ఎక్కింది భువనగిరి గుట్ట. తర్వాత డార్జిలింగ్ పోయి శిక్షణ తీసుకున్నారు. ఆ తర్వాతనే ఎవరెస్టు. నా ఉద్దేశంలో అట్ట మీద ఎవరెస్టు చిన్నగా, భువనగిరి గుట్ట పెద్దగా ఉండాలి.

నా అట్ట మీద పైన నర్సు బొమ్మ ఉంది, చిన్నదే. వానాకాలం వాగు పొంగితే మా ఊరిలో జ్వరం వచ్చిన వాళ్ళను మంచం మీద మోసుకొస్తారు, అందుకని నర్సు. దాని కింద లాంతరు గీశాను. అంటే రాత్రి స్టడీలో రోజుకు రెండు లెక్కలు. (కరెంటు ఉంది గానీ ట్యూబులైటు గీస్తే కర్రలాగా ఉంటది.) దాని కింద అన్నిటికన్నా పెద్దగా మూడు బస్సులు.

బస్సులు ఎందుకంటే చెబుతాను. మన హాస్టల్ నుండి ఆగిపోయిన వాళ్ళు ఎక్కువగా ఫెయిలై ఆగిపోలేదు. సెలవులకు పోయి ఆగిపోయారు. సంక్రాంతికి పోతే మిరపకోతలు, ఎండాకాలం పోతే ఇప్పపువ్వు, తునికాకు. పోయినేడు మా క్లాసులో ఒకామె కోతలకు పోయి అక్కడే ఉండిపోయింది. ఇంకొకామెకు పెళ్ళి చేశారు. అందుకని దసరా తర్వాత ఒక బస్సు, సంక్రాంతి తర్వాత ఒకటి, వేసవి తర్వాత ఒకటి. తిరిగి వచ్చినప్పుడల్లా ఒక బస్సుకు రంగు వేయాలి.

అట్టను సెలవులకు ఇంటికి కూడా తీసుకుపోవాలి. ఇది ముఖ్యం. మా అమ్మకు చదువు రాదు. ప్రోగ్రెస్ కార్డు ఇస్తే వేలిముద్ర వేసి, ఎన్ని మార్కులని నన్నే అడుగుతది. అట్టను మాత్రం తనే చదివింది. పోయిన సంక్రాంతికి పొయ్యి దగ్గర కూర్చొని ఒక్కొక్క బొమ్మ మీద వేలు పెట్టింది. మూడు బస్సులుంటే ఒకదానికే రంగు ఉందేంది అని మా కోయ మాటలో అడిగింది. దసరాకు వచ్చి తిరిగి పోయాను కదా అమ్మా, ఇప్పుడు పోతే రెండోదానికి వేస్తాను అన్నాను. అప్పటికే మా నాన్న మిరపకోతల ముఠాలో నా పేరు కూడా చెప్పి వచ్చాడు. తెల్లారి అమ్మ నాన్నతో "దాని బస్సుకు రంగు వేయాలంట" అన్నది. "మరి కూలి ఎవరిస్తరు?" అన్నాడు నాన్న. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను రెండు రోజులు కోతకు పోయాను, మూడో రోజు బస్సు ఎక్కాను. అందరి ఇళ్ళలో ఇట్లానే జరుగుతదని నేను చెప్పను. కానీ మాటతో చెబితే మా అమ్మకు అంత అర్థమయ్యేది కాదు.

అట్ట వెనకాల 1098 అని రాసుకోండి. అది పిల్లల కోసం పెట్టిన ఫోన్ నంబరు, డబ్బులు పడవు. 18 ఏళ్ళు నిండకుండా ఆడపిల్లకు పెళ్ళి చేయడం చట్టప్రకారం నేరం. వెనకవైపు కాబట్టి ఎవరికీ కనపడదు.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. ఆఫీసు రూంలో పాత క్యాలెండర్లు ఉంటే పారవేయకుండా మాకు ఇప్పించగలరు. ఆరో తరగతి చెల్లెళ్ళు ఆదివారం టిఫిన్ అయ్యాక వరండాలోకి వస్తే నేను చూపిస్తాను. కత్తెర ఒక్కటే ఉంది, వరుసగా వాడుకోవాలి.

– 9వ తరగతి విద్యార్థిని