పాత పికప్‌కు టర్బో బిగించవచ్చునా?

పాతబస్తీకి పాలు చేరవేసే సంఘాలలో కొన్నింటికి ఇంకా పాత డీజిల్ పికప్ బండ్లే ఉన్నవి. క్యాన్లు నింపుకొని చంద్రాయణగుట్ట, ఫలక్‌నుమా చేరేసరికి బండి లాగలేకపోతున్నదనీ, టర్బో బిగిస్తే సరిపోతుందని పాతబస్తీ మిస్త్రీలు చెబుతున్నారనీ సభ్యులు మమ్ములను అడుగుతున్నారు. బండి దారిలో ఆగితే విరిగేది మన పాలే, ఇంజను పోతే పోయేది సంఘం డబ్బే. కనుక కొంచెం వివరంగా చెప్పవలసి వచ్చినది.

డీజిల్ మండటానికి గాలి కావలెను. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే కనీసం 12 కిలోల గాలి, అంటే సుమారు 10,000 లీటర్ల గాలి అవసరం. మన 40 లీటర్ల క్యాన్లు 250 పట్టేంత గాలి అన్నమాట! పాత ఇంజను, పిస్టన్ కిందికి దిగినప్పుడు తనంతట పీల్చుకొన్న గాలితోనే సరిపెట్టుకొంటుంది. టర్బోలో సైలెన్సరుకు పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ కొసన ఉన్న చక్రం బయటి గాలిని ఒత్తి ఇంజనులోకి నెడుతుంది. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బుషి 1905లోనే దీనికి పేటెంటు పొందాడు. చిన్న ఇంజన్ల టర్బో నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది.

దీనివలన లాభం ఉన్నమాట నిజమే. టాటా వారి 1,948 సి.సి. ఇంజను 1994లో వచ్చిన సుమోలో టర్బో లేకుండా 70 లోపు అశ్వశక్తి ఇచ్చేది. 1998లో వచ్చిన సఫారీలో అంతే కొలత ఇంజను టర్బోతో సుమారు 90 ఇచ్చింది. అయితే ఫ్యాక్టరీలో టర్బో ఇంజను చేసేవారు పిస్టన్లు, ఆయిలు దారి, చల్లబరిచే ఏర్పాటు అన్నీ దానికి తగినట్లు చేస్తారు. మిస్త్రీ బిగించేది టర్బో ఒక్కటే.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. గాలి పెరిగినంత మాత్రాన బలం రాదు, పంపు తిప్పి డీజిల్ కూడా పెంచవలెను. డీజిల్ పెరిగితే వేడి, ఒత్తిడి పెరుగుతవి. ఏళ్ళ తరబడి అరిగిన ఇంజనులో ముందు హెడ్ గ్యాస్కెట్ పోతుంది, తరువాత పిస్టన్ కరుగుతుంది. టర్బో ఇరుసుకు ఇంజను ఆయిలే ఆధారం. ఆ గొట్టం ఊడితే నిమిషాలలో టర్బో పట్టేస్తుంది. పోనీ ఇంజను తట్టుకొన్నదనుకొన్నా బ్రేకులు, కమాన్‌పట్టీలు పాతవే కదా!

మరొక మాట. పొగ జోరు ఉంటేనే టర్బో పనిచేస్తుంది. శాలిబండ, మొగల్‌పురా గల్లీలలో మొదటి గేరు, రెండవ గేరు మీద బూతు బూతుకు ఆగుతూ పోయే బండికి ఆ జోరు ఎక్కడిది? మా అభిప్రాయంలో మన బండ్లకు ఇది దండుగ ఖర్చు.

ముందు ఎయిర్ ఫిల్టరు చూడండి. మన మట్టిరోడ్ల దుమ్ముతో అది పూడి ఉంటే ఇంజను ఊపిరి అక్కడే ఆగినట్లు. తరువాత నాజిళ్ళు, పంపు టైమింగు, కంప్రెషన్ పరీక్ష చేయించండి. నల్లపొగ వస్తున్నదంటే గాలి చాలడం లేదనో, డీజిల్ సరిగా చిమ్మడం లేదనో అర్థం. బరువు కూడా లెక్క వేయండి. 25 క్యాన్లు నింపితే పాల బరువే 1,030 కిలోలు, క్యాన్ల బరువు వేరు. టన్ను బండి మీద 30 క్యాన్లు ఎక్కించి ఇంజనును తిట్టే డ్రైవర్లను మేము చూచియున్నాము.

చట్టం సంగతి కూడా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు, రిజిస్ట్రేషను పత్రానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేది ఇదే. కాబట్టి ఎవరైనా బిగించదలచినచో ముందుగా ఆర్.టి.ఓ. కార్యాలయంలో వ్రాతపూర్వకంగా అడగవలెను.

ఇప్పటికే టర్బో ఉన్న బండ్లవారు ఒకటి పాటించండి. నిండు బరువుతో దూరం నుండి వచ్చి వెంటనే తాళంచెవి తిప్పకండి. ఒకటి రెండు నిమిషాలు ఇంజనును ఊరికే తిరగనిచ్చి, ఆ తరువాత ఆపి క్యాన్లు దింపుకోండి.